అరవ అయ్యోరి చిట్టా

అరవ అయ్యోరు ఏనాడూ అరవలేదంట.
మా అవ్వ కుప్పమ్మ ఈ మాట చెప్పి
తనలో తనే నవ్వుకునేది,
నవ్వు అయ్యేలోపే కొంగుతో కళ్ళు తుడుచుకునేది.

ఆయన పేరు ఏకాంబరం.
నగరి మగ్గాల సందులో పుట్టి
చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాసినాడు.
పగలంతా
దిమ్మెలెన్ని, మణుగులెన్ని, దళారీకి పోయిందెంత.
రాత్రికి అదే చిట్టా తిరగేసి
వెనక పేజీ నుంచి పద్యం.
కాగితం కొనే దుడ్లు లేక అంటారు కొందరు.
పోలీసోళ్ళు బెల్లం లెక్కలు చదవరని, ఇంకొందరు.

నీవా నది ఇసకలో ఒక సాయంత్రం
నలభై మంది చుట్టూ కూర్చుంటే
నిద్రపోయే బిడ్డ లేస్తుందేమో అన్నంత మెల్లంగా
ఒకటి చదివినాడు.
అందులో తెల్లోడి పేరే లేదు.
జెండా లేదు.
గానుగ చుట్టూ తిరిగే ఎద్దొకటి
మూతికి చిక్కంతో ఆగి
ఈ తీపి ఎవరిదని అడుగుతుంది.
అంతే.
ఆ ఒక్క ప్రశ్నకి
వేలూరు జైల్లో పదకొండు నెలలు.

తిరిగొచ్చిన రోజు రైలు స్టేషన్లో దండలు.
మెడలో దండ మెడలోనే ఉండగా
నేరుగా వంక అవతలికి నడిచి
మా పేటలో, మా కుండలో నీళ్ళు ముంచుకుని తాగినాడు.
దండలు వేసిన చేతులే
మర్నాడు తలుపులు వేసినాయి.
మండీ ఓనరు కూలి లెక్కకట్టి పొమ్మన్నాడు.
చిట్టా మాత్రం ఎట్లనో
ఈయన చంకలోనే ఉండిపోయింది.

ఇంగ రాత్రి బడి.
తోళ్ళ షెడ్డు వెనక ఒక లాంతరు,
పిల్లోళ్ళు, తర్వాత పిల్లోళ్ళ తల్లులు,
ఒళ్ళో మా నాయన్ని పడుకోబెట్టుకుని అవ్వ.
అరవం నాలుకతో తెలుగు అక్షరాలు చెప్పేవాడు.
‘బ’ పలికేది కాదు ఆయనకి.
బాట అనబోయి పాట అనేవాడు.
ఆడోళ్ళు పైట అడ్డం పెట్టుకుని నవ్వితే
“రెండూ నడిపించేవే లేమ్మా, రాయండి” అనేవాడు.

స్వతంత్రం వచ్చినాక
గీత గీసేవాళ్ళు జీపుల్లో వచ్చినారు.
నువ్వు అటా, ఇటా అని అడిగినారు.
ఆయనేం చెప్పినాడో అవ్వకి గుర్తులేదు.
ఆ రాత్రి బడికైతే వచ్చినాడంట,
వానలో,
లాంతరు చొక్కా కింద దాచుకుని.

ఇప్పుడా చిట్టా నా దగ్గరుంది.
అరవం మాట్లాడతాను, చదవలేను.
ఆ రాత నా కంటికి
బెల్లానికి పట్టిన చీమలబారు.
మిట్టూరులో జాకెట్లు కుట్టే అంజుగమ్మ దగ్గరికి పోయినాను.
మిషను ఆపి, అద్దాలు తుడుచుకుని
వేలితో చీమల్ని ఒక్కొక్కటే కదిలించింది.

రెండు పద్యాల నడుమ ఒక చోట ఆగింది.
“కుప్పమ్మ రాలేదు. బిడ్డకి జ్వరం.
రేపు పలక ఇంటికే తీసుకుపోవాలి.”
ఇది కవిత కాదబ్బా, హాజరు పట్టీ, అనింది.
మళ్ళీ చదవమన్నాను.
మళ్ళీ చదివింది.

ఆఖరి పేజీలో అరవం లేదు.
పేజీ నిండా, నాగలి వంకర్లు పోయినట్టు
తెలుగులో
కుపమ.
కింద, వేరే సిరాతో, చిన్నగా
ఒక పా వత్తు, ఒక మా వత్తు.

ఆయనకి ఊళ్ళో విగ్రహం లేదు.
బడి ఉన్న చోట లారీలకి గాలి కొడతారు.
అంజుగమ్మ దుడ్లు తీసుకోలేదు.
దారం పంటితో తెంపుతా
“ఆ ఎద్దుకి జవాబు ఏమన్నా రాసినాడా?” అనింది.

ఇద్దరం పేజీలు వెనక్కి తిప్పినాము.
ఎద్దు పద్యానికి అవతలి వైపు
ఆ రోజు మణుగు బెల్లం ధర ఉంది.